ఉసురు తగిలిన కోట

డోనెగాల్ జిల్లాకి రైలు లేదు. డబ్లిన్‌లో బస్సెక్కితే మధ్యలో ఉత్తర ఐర్లండ్‌లోకి దూరతాం. అక్కడ యూరోలు పౌండ్లవుతాయి, కిలోమీటర్లు మైళ్లవుతాయి. లిఫర్డ్ దగ్గర వంతెన దాటగానే మళ్లీ మామూలే. ఇంత తిరుగుడెందుకని కాబోలు, డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ దొరికితే మోహర్ వైపో కిల్లార్నీ వైపో పోతారు తప్ప ఇటు రారు. నేనూ వచ్చేదాన్ని కాదు. లెటర్‌కెన్నీలో ఉద్యోగంలో చేరిన మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడో కోట ఉంది, దానికో శాపం ఉంది. నీకు కావాల్సిన సరుకే, వచ్చెయ్" అని ఊరించాడు. నా సంగతి వాడికి తెలుసు. మాది జనగామ వైపు. చిన్నప్పుడు నానమ్మ పక్కన పడుకుంటే రాజుల కథలు కాదు, దొరల కథలే వినేవాళ్లం. ఏ గడిలో ఏ బావి దగ్గర ఏం జరిగింది, ఎవరి ఉసురు తగిలి ఎవరి ఇల్లు పాడుబడింది... ఆ బాపతు కథలంటే ఇప్పటికీ చెవి కోసుకుంటాను.

చర్చిల్ అనే చిన్న ఊళ్లో ఒక పెద్దావిడ నడిపే బీ అండ్ బీలో దిగాం. తెల్లారి టిఫిన్ దగ్గర గ్లెన్‌వే కోటకి వెళ్తున్నామని చెప్తే, "మంచిది, తోట చాలా బాగుంటుంది" అంది. టీ పోస్తూ, "కట్టినవాడి గురించి మాత్రం అక్కడ కాస్త మెత్తగా చెప్తారు" అని నవ్వింది. ఇక ఆగలేదు. మా టోస్టులు చల్లారిపోయాయి. ఆవిడ చెప్తుంటే ఆ అడేర్ అనేవాడు పోయినేడు పక్క వీధిలో ఏదో అఘాయిత్యం చేసి పారిపోయాడేమో అనిపిస్తుంది. అతను చచ్చిపోయింది 1885లో.

జాన్ జార్జ్ అడేర్ ఈ ప్రాంతం వాడు కాదు. లీష్ జిల్లా నుంచి వచ్చాడు. 1840ల బంగాళాదుంప కరువు తర్వాత దివాలా తీసిన ఎస్టేట్లు కొనడం అతని వ్యాపారం. 1850ల చివర్లో ఇటొచ్చి, సరస్సునీ కొండల్నీ చూసి మోజుపడి, గ్లెన్‌వే, డెర్రీవే, గార్టన్ కలిపి దాదాపు 28 వేల ఎకరాలు కొనేశాడు. భూమితో పాటు దాని మీద బతుకుతున్న మనుషులూ అతని లెక్కలోకి వచ్చారు. వాళ్ల దగ్గర పట్టాల్లేవు, కౌలు కాగితాల్లేవు. కౌలు కట్టినంతకాలం ఉండటం, దొర పొమ్మంటే పోవడం, అంతే.

గొడవ వేట దగ్గర మొదలైంది. పక్క ఎస్టేటు భూమిలో అడేర్ తుపాకీ పట్టుకుని తిరుగుతుంటే రైతులు అడ్డుపడ్డారు. అది అతని మనసులో ఉండిపోయింది. తర్వాత స్కాట్లండ్ నుంచి నల్లమూతి గొర్రెల్నీ, వాటితో పాటు కాపరుల్నీ దింపాడు. గొర్రెలు చచ్చిపోతుంటే ఊళ్లవాళ్లే చంపుతున్నారని ఫిర్యాదులు పెట్టాడు. పోలీసుల్లోనే కొందరికి అనుమానం, అవి చలికీ వానకీ చచ్చి ఉంటాయని. అదేమీ అతను పట్టించుకోలేదు. 1860 నవంబరులో అతని మేనేజరు జేమ్స్ మర్రే కొండ మీద శవమై కనిపించాడు. చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడికొచ్చేసరికి మా ఆతిథ్యమ్మ గొంతు తగ్గించింది, ఆ గదిలో మేం ముగ్గురం తప్ప ఎవరూ లేకపోయినా. మర్రే భార్యకీ ఒక స్కాట్లండ్ కాపరికీ మధ్య ఏదో నడిచిందనీ, చంపింది రైతులు కాదనీ అందరికీ తెలుసట. "మరి అడేర్‌కి తెలీదా?" అన్నాడు మావాడు. "తెలిస్తే మాత్రం? అతనికి కావాల్సింది హంతకుడు కాదు బాబూ, సాకు" అంది.

అడేర్ డెర్రీవే మొత్తాన్ని ఖాళీ చేయించాలని నిర్ణయించాడు. అక్కడి ప్రొటెస్టెంట్ పాస్టరూ కాథలిక్ ఫాదరూ ఒక్కటై, ఈ జనానికి ఏ పాపం తెలీదు, వదిలెయ్యమని రాశారు. ఆ రోజుల్లో ఆ ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం పెట్టడమే వింత. అడేర్ వినలేదు. 1861 ఏప్రిల్ 8, సోమవారం, ప్రభుత్వ ఉత్తర్వులు అమలు చేసే షెరీఫూ, దాదాపు 200 మంది పోలీసులూ, గునపాలు పట్టుకున్న కూలీల గుంపూ బారా సరస్సు దగ్గర మొదటి గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ ఇల్లు ఏడుగురు పిల్లల తల్లి, ఒక వితంతువుది. మూడు రోజుల్లో 47 కుటుంబాలు, 244 మంది వీధిన పడ్డారు. అందులో 159 మంది పిల్లలు.

ఇంట్లోవాళ్లని బయటికి లాగేశాక పొయ్యిలో నిప్పు ఆర్పేవారు. ఆ ఇళ్లలో పొయ్యి ఎప్పుడూ ఆరేది కాదు. రాత్రి పడుకునే ముందు పీట్ (బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టి ఇంధనం) నిప్పు మీద బూడిద కప్పి, తెల్లారి దాన్నే ఊది రాజేసేవాళ్లు. కొన్ని ఇళ్లలో తాతల నాటి నిప్పే నడుస్తుండేదట. దాన్ని ఆర్పి, ఆ తర్వాత పైకప్పు కూల్చేవాళ్లు, రాత్రికి మళ్లీ వచ్చి దూరకుండా. తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ ఒక ముసలాయన బయటికి నడుస్తూ ద్వారబంధాన్ని ముద్దుపెట్టుకున్నాడనీ, అతని భార్యాపిల్లలూ అలాగే చేశారనీ అప్పటి పత్రికల్లో వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటులో దీని మీద గొడవ జరిగింది. తేలిందేమిటంటే, అడేర్ చేసినదాంట్లో చట్టం ప్రకారం తప్పేమీ లేదు.

తప్పు లేదన్న ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. చట్టం, పార్లమెంటు, దొర, షెరీఫు అంతా ఒక వైపు ఉన్నప్పుడు జనానికి మిగిలింది నోరే. శాపం ఆ నోట్లోంచే వచ్చింది.

ఐర్లండ్ జానపద కథల్లో వితంతువు శాపానికి పెద్ద పేరు. ఒట్టి మోకాళ్ల మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని తిడితే అది తగిలి తీరుతుందని నమ్మకం. కురుసభలో ద్రౌపదిని ఎరిగినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. డెర్రీవేలో కూడా ఒక ముసలామె, కూలిన ఇంటి ముందు నిలబడి, ఈ భూమి పట్టినవాడికి వారసుడు పుట్టడని శపించిందట. మా నానమ్మ భాషలో అయితే "నిర్వంశమైపోను". ఆ ముసలామె ఎవరో, ఏ ఇల్లో ఎవరూ చెప్పలేరు. శాపం మాత్రం అందరికీ నోటికొచ్చు.

కోట దగ్గరికి కార్లని రానివ్వరు. పార్కు గేటు దగ్గర ఆపి, చిన్న బస్సెక్కితే సరస్సు ఒడ్డునే నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్తుంది. నడుద్దామన్నాను. పది నిమిషాల్లోనే మిడ్జీలు దిగాయి. కంటికి ఆనని దోమలు, గుంపులుగా వచ్చి కనుబొమల్లో, చెవుల్లో, జుట్టు మొదళ్లలో కుడతాయి. మావాడు చేతులు ఆడిస్తూ, "అక్కా, శాపం వీటికి పెట్టి ఉంటే బాగుండేది" అన్నాడు. తర్వాతి బస్సుని చెయ్యెత్తి ఆపి ఎక్కేశాం.

ఉన్నమాట చెప్పాలి, ఆ చోటు చూస్తే అడేర్ ఎందుకు మోజుపడ్డాడో అర్థమవుతుంది. రెండు కొండల మధ్య సన్నగా పొడుగ్గా వే సరస్సు, ఒడ్డు మీద బూడిదరంగు గ్రానైటు కోట. చూడ్డానికి పాతకాలం యుద్ధాల కోటలా ఉంటుంది గానీ దాని మీద ఏ బాణమూ పడలేదు. 1867-73 మధ్య కట్టించాడు, అంటే ఇళ్లు కూల్చిన పన్నెండేళ్లలో. భార్య కార్నీలియా అమెరికాలో డబ్బున్న కుటుంబం నుంచి వచ్చిన వితంతువు. లోపల గోడల నిండా దుప్పి కొమ్ములు. గైడు చక్కగా మాట్లాడింది. గ్రెటా గార్బో వచ్చి బస చేసిన సంగతి, వెండి సామాన్ల సంగతి, తోటలోకి తెప్పించిన మొక్కల సంగతి వివరంగా చెప్పింది. ఖాళీ చేయించడం గురించి రెండు నిమిషాలు. ఆతిథ్యమ్మ అన్న మెత్తదనం అదేనేమో. కానీ గుంపులో ఒక పెద్దాయన ఊరుకోలేదు. "మరి ఆ బండ సంగతి చెప్పమ్మా" అన్నాడు. ఆమె నవ్వి చెప్పింది.

భర్త చనిపోయాక కార్నీలియా ఒక పెద్ద బండ మీద అతని పేరు చెక్కించి, ధైర్యవంతుడు, న్యాయవంతుడు, ఉదారుడు అని రాయించిందట. ఒక రాత్రి దాని మీద పిడుగు పడి బండ పగిలి సరస్సులోకి దొర్లిందని జనం చెప్తారు. ఆ పెద్దాయన ఈ ముక్క వినడానికే టికెట్టు కొన్నట్టున్నాడు. మొహం వెలిగిపోయింది.

శాపం లెక్క కూడా ఆయనే అప్పజెప్పాడు, తోటలో బెంచీ మీద కూర్చుని, వేళ్లు మడుస్తూ. అడేర్‌కి పిల్లల్లేరు. ఒకటి. కార్నీలియా 1921లో పోయాక కోట కొన్నాళ్లు ఖాళీగా ఉండి, 1929లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఆర్థర్ కింగ్స్‌లీ పోర్టర్ చేతికొచ్చింది. ఆయనకీ పిల్లల్లేరు. 1933 జులైలో ఇనిష్‌బోఫిన్ దీవిలో షికారుకి వెళ్లి మాయమయ్యాడు, శవం కూడా దొరకలేదు. రెండు. తర్వాత ఫిలడెల్ఫియాకి చెందిన హెన్రీ మెకిల్‌హెన్నీ, పెళ్లే చేసుకోలేదు. మూడు. ఆయన చివరికి భూమిని ప్రభుత్వానికి అమ్మి, కోటని రాసిచ్చేశాడు. "అంటే ఇప్పుడు దీనికి వారసులం మేమే" అని పెద్దాయన నాలుగో వేలు మడవకుండా తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

వినడానికి బాగుంది. కానీ కార్నీలియాకి మొదటి పెళ్లి వల్ల సంతానం ఉంది. అదీగాక అడేర్ 1877లో టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్‌తో కలిసి జేఏ రాంచ్ పెట్టాడు. ఒక దశలో పది లక్షల ఎకరాలు దాటిన పశువుల క్షేత్రం అది. ఆ రాంచ్ కార్నీలియా కొడుకు సంతతికే దక్కింది, తరాలుగా నడుస్తోంది. ఈ ముక్క నేను ఫోన్‌లో చూసి చెప్తే పెద్దాయన చెయ్యి విసిరేశాడు. "టెక్సాస్ సంగతి టెక్సాస్ వాళ్లు చూసుకుంటారు." శాపానికి అట్లాంటిక్ దాటే పాస్‌పోర్టు లేదన్నమాట. నాకు ఆయన మీద కోపం రాలేదు. మా ఊళ్లో కూడా గడి కూలిందనే చెప్పుకుంటారు గానీ, దొరగారి మనవళ్లు హైదరాబాదులో కట్టుకున్న అపార్టుమెంట్ల ఊసెత్తరు.

మధ్యాహ్నం డెర్రీవే వైపు నడిచాం. బోర్డులు పెద్దగా లేవు. గడ్డిలో నడుము ఎత్తున రాళ్ల గోడలు కనిపిస్తాయి, నాచు పట్టి, మధ్యలో ఫెర్న్ మొలిచి. ఒకదాంట్లో పొయ్యి ఉన్న గోడ ఇంకా నిలబడి ఉంది. లోపలికి అడుగుపెడితే ఇల్లు ఎంత చిన్నదో తెలుస్తుంది. నేనూ మావాడూ చేతులు చాపుకుని నిలబడితే దాదాపు రెండు గోడలూ అందాయి. బయట వాలు మీద ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు నేల దువ్వినట్టు గీతలు గీతలుగా తేలింది. దుంపలు వేసుకున్న మళ్ల గట్లవి. నూట అరవై ఏళ్లుగా గొర్రెలూ దుప్పులూ తొక్కినా చెరగలేదు.

ఇల్లు పోయినవాళ్లలో కొందరు లెటర్‌కెన్నీ వర్క్‌హౌస్‌లో చేరారు. పని చేయించుకుని గంజి పోసే చోటు అది, మొగుణ్ణీ పెళ్లాన్నీ పిల్లల్నీ వేరు చేసి ఉంచేవాళ్లు. ఆ కట్టడంలో మిగిలిన భాగమే ఇప్పుడు జిల్లా మ్యూజియం. వయసులో ఉన్నవాళ్లు చాలామంది మరుసటి ఏడు చందాల డబ్బుతో ఆస్ట్రేలియా ఓడెక్కారు.

అలా ఓడెక్కేవాళ్ల కోసమే అన్నట్టు గార్టన్‌లో ఒక రాయి ఉంది. క్రీ.శ. 521లో సెయింట్ కోలమ్‌కిల్లే అక్కడ పుట్టాడంటారు. ఆ రాతి పలక మీద ఒక రాత్రి పడుకుంటే పరాయి దేశంలో ఇంటి మీద బెంగ పెట్టుకోరని నమ్మకం. వలస పోయేవాళ్లు ముందు రోజు వచ్చి పడుకునేవాళ్లట. పలక నిండా గిన్నెల్లాంటి గుంటలు, వాటిలో వాననీళ్లు, నీళ్లలో జనం వేసిన నాణేలు. మావాడు జాకెట్ తీసి పరిచి పడుకున్నాడు. రెండు నిమిషాలకే లేచి, "వీపు తడిసింది, బెంగ అలాగే ఉంది, అమ్మకి ఫోన్ చెయ్యాలి" అన్నాడు.

ఆ రాత్రి బీ అండ్ బీలో డూకస్ అనే ఐరిష్ జానపద కథల వెబ్‌సైట్ తెరిచి కూర్చున్నాను. 1937-38లో ఐర్లండ్‌లో ప్రభుత్వం ఒక పని చేసింది. దాదాపు 5,000 బడుల్లో పిల్లలకి నోటుపుస్తకాలిచ్చి, ఇంట్లో ముసలివాళ్లు చెప్పే కథలు రాసుకురమ్మంది. అవన్నీ ఇప్పుడు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు. గుండ్రటి చేతిరాతలో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు దొరల గురించి రాసిన పేజీలు చదువుతుంటే నిద్ర పట్టలేదు. వాళ్లకి చెప్పిన తాతమ్మల్లో కొందరు ఆ గునపాల గుంపుని కళ్లారా చూసినవాళ్లు. మన దగ్గర జమీందార్లూ దేశ్‌ముఖులూ పోయిన కొత్తలో ఊరూరా బడిపిల్లలతో ఇలా రాయించి ఉంటే ఎంత బాగుండేది. మా నానమ్మ చెప్పినవి నా తలకాయలో తప్ప ఎక్కడా లేవు.

మర్నాడు ఫానడ్ వెళ్లాం. ఇక్కడి విలన్ మూడో ఎర్ల్ ఆఫ్ లీట్రిమ్ (ఎర్ల్ అంటే వంశపారంపర్యంగా వచ్చే బ్రిటిష్ ప్రభువుల బిరుదు), విలియం సిడ్నీ క్లెమెంట్స్. నాలుగు జిల్లాల్లో 90 వేల ఎకరాలకు పైగా భూమి. అడేర్ కథలో శాపం ఉంటే, ఇతని కథలో తుపాకీ ఉంది. 1878 ఏప్రిల్ 2 ఉదయం, 71 ఏళ్ల ఎర్ల్ గుర్రబ్బండిలో మిల్ఫర్డ్ వైపు బయల్దేరాడు. నౌకర్లున్న రెండో బండి వెనకబడింది. మల్‌రాయ్ అఖాతం పక్కనే, క్రాట్లా అడవి దగ్గర కాపేసిన ఫానడ్ మనుషులు కాల్చారు. తూటాలతో పని పూర్తికాక తుపాకీ మడమతో కొట్టారు, అది విరిగింది. పడవెక్కి అవతలి ఒడ్డుకి పోయారు. పెద్ద మొత్తంలో బహుమతి ప్రకటించినా ఫానడ్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు. మైకేల్ హెరాటీ అనే అతను మాత్రం దొరికి, విచారణ జరిగేలోపే లిఫర్డ్ జైల్లో జ్వరంతో చనిపోయాడు. డబ్లిన్‌లో ఎర్ల్ శవపేటికని సెయింట్ మికన్స్ చర్చిలోకి తీసుకెళ్తుంటే జనం దాని మీదికి ఎగబడి ఈలలు వేశారు.

ఎందుకంత కసి? ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే, ఆడపిల్లల సంగతి. కౌలుదార్ల కూతుళ్లని కోటకి పనికి పిలిపించేవాడనీ, పంపకపోతే ఇల్లు పోయేదనీ. చరిత్రకారులకి దీనికి గట్టి రుజువు దొరకలేదు. కానీ అది తర్వాత అల్లిన మాట కూడా కాదు. హత్య జరిగిన పది రోజులకే పార్లమెంటులో ఒక సభ్యుడు ఈ ఆరోపణ ఎత్తితే, విననివ్వకుండా సందర్శకుల గ్యాలరీ ఖాళీ చేయించారు. గ్యాలరీలోంచి కూడా ఖాళీ చేయించడమే! నా మట్టుకు నాకు, రుజువుల్లేవు కాబట్టి జరగలేదనడానికి మనసొప్పదు. అలాంటివాటికి రసీదులు రాసిచ్చే దొర ఎక్కడుంటాడు?

కిండ్రమ్‌లో ఎర్ల్‌ని చంపిన ముగ్గురికీ, హెరాటీకీ, మెక్ఎల్వీకీ, షీల్స్‌కీ 1960లో స్మారకం కట్టారు. భూస్వాముల నిరంకుశత్వాన్ని అంతం చేసిన వీరులని దాని మీద ఉంది. నిజానికి భూములు రైతుల చేతికొచ్చింది ఆ తర్వాత. 1879లో మేయో జిల్లాలో ల్యాండ్ లీగ్ అనే కౌలు రైతుల సంఘం పుట్టి, ఏళ్ల తరబడి కౌళ్ల పోరాటం నడిచి, 1903 చట్టంతో ప్రభుత్వమే అప్పిచ్చి దొరల దగ్గర కొనిపిస్తే. ఇంకో సంగతి ఆ రాయి మీద లేదు. ఆ రోజు ఎర్ల్‌తో పాటు అతని గుమాస్తా, బండి తోలేవాడు కూడా చచ్చిపోయారు. జీతం కోసం పొద్దున్నే బండెక్కినవాళ్లు. కథ చెప్పినవాళ్లెవరూ వాళ్ల పేర్లు ఎత్తలేదు, నేను అడిగితే తప్ప.

ఆ ముగ్గురూ పడవలో దాటిన అఖాతం మీద 2009 నుంచి వంతెన ఉంది. కారులో నిమిషం పట్టదు. అవతల క్యారిగార్ట్ ఊళ్లో ఇంకో స్మారకం, ఎత్తయిన శిలువ. ఇది చంపబడ్డ ఎర్ల్ తర్వాత వచ్చిన నాలుగో ఎర్ల్‌ది. ఈయన గ్లాస్గోకి స్టీమర్ సర్వీసు పెట్టించాడు, రోజాపెన్నాలో హోటలూ గోల్ఫ్ కోర్సూ తలపెట్టాడు, 1892లో చిన్న వయసులోనే పోయాడు. జనం మంచివాడంటారు. ఈయన గురించి కథేమైనా ఉందా అని చిప్స్ కొట్టు నడిపే ఆయన్ని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "పడవలు నడిపాడు... మంచివాడు" అని, ఇంకేం తోచక, "మూడో ఎర్ల్‌వి కావాలంటే రాత్రి దాకా చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా. కాడ్ చేప వేగేలోపు మూడు కథలు, వాటిలో రెండు పొద్దున ఫానడ్‌లో విన్నవాటికి పూర్తిగా వ్యతిరేకం.

చెయ్యి తుడుచుకుంటూ మావాడు అప్పటికే ఫోన్‌లో గ్వీడోర్‌కి దారి చూస్తున్నాడు. అక్కడ 1889లో కౌలు రైతుల వైపు నిలబడ్డ ఫాదర్ మెక్‌ఫాడెన్‌ని అరెస్టు చేయడానికి చర్చి దాకా వెళ్లిన ఇన్‌స్పెక్టర్ మార్టిన్‌ని జనం కొట్టి చంపారు. గంటకు పైగా ప్రయాణం, అప్పటికే వాన మొదలైంది. సోమవారం నాకు ఆఫీసుంది. "దసరాకి వస్తావుగా అక్కా" అన్నాడు. వస్తానన్నాను.